వాల్వు మారిస్తే స్వరం మారుతుందా?

(రేడియో ప్రసంగ పాఠం)

ఈ వారం మనము మాట్లాడుకోబోయే సంగతి ప్రతి వారం వంటిది కాదు. కడప జిల్లా పెద్దముడియం మండలంలోని ఒక పల్లె నుండి ఒక సహోదరుడు మాకు జాబు వ్రాశారు. ఆ జాబుకు జవాబు చెబితే ఆయనకే కాదు, మైకు సెట్టు పెట్టుకొన్న ప్రతి సంఘానికీ ఉపయోగపడుతుందని తోచింది. ఆయన వ్రాసిన మాటలు వినండి.

"అయ్యగారూ, మా మందిరంలో మా నాన్నగారి కాలం నాటి వాల్వుల మైకు సెట్టు ఉన్నది. మా అబ్బాయి గిటారు వాయిస్తాడు. వాడు పట్నంలో పాతది కొన్న గిటారు ఆంప్లిఫయర్ కూడా వాల్వులదే. ఈ మధ్య మైకు సెట్టు గుంయ్‌మని మోత పెడుతున్నది. మాట స్పష్టంగా వినబడడం లేదు. ఒక వ్యాపారిని అడిగితే, రెండింటిలోనూ వాల్వులు తీసేసి పాత ఇంగ్లండు వాల్వులు వేయించండి, స్వరమే మారిపోతుంది అన్నాడు. ఆయన చెప్పిన ధరకు కొత్త మైకులు రెండు వస్తాయి. శనగలు అమ్ముకొన్న తరువాత సంఘస్థులు ఇచ్చిన డబ్బు నా దగ్గర ఉన్నది. ఖర్చు పెట్టమంటారా, వద్దంటారా?"

చూడండి, ఈ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. ఒకటి వాల్వు సంగతి. రెండవది, పదిమంది నమ్మి ఒకరి చేతిలో పెట్టిన డబ్బు సంగతి. నల్లరేగడి నేలలో శనగ పండించినవారికి ఒక్కొక్క రూపాయి ఎలా వస్తుందో తెలుసు. గనుక ఈ జవాబు తేలికగా చెప్పకూడదు.

ముందు ఒక్క మాటలో చెబుతాను. పాడైపోయిన వాల్వును మారిస్తే తప్పకుండా మేలు జరుగుతుంది. ఒక రకం వాల్వు బదులు, ఆ సర్క్యూటుకు సరిపడే ఇంకొక రకం వేస్తే స్వరం కొంత మారవచ్చు. అయితే బాగా పనిచేస్తున్న వాల్వును తీసి, అదే నంబరు గల ఖరీదైన వాల్వు వేసినంత మాత్రాన స్వరం మారిపోతుందని అనుకోవడం చాలాసార్లు ఆశాభంగానికే దారి తీస్తుంది. ఎందుకో ఇప్పుడు నిదానంగా చూద్దాము.

వాల్వు అంటే ఏమిటి?

మీలో పెద్దవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. పూర్వం రేడియో స్విచ్ వేయగానే పాట వచ్చేది కాదు. లోపల గాజు బుడ్లు ఎర్రగా వెలిగి, కాసేపు వేడెక్కిన తరువాతనే మాట వినబడేది. ఆ గాజు బుడ్లే వాల్వులు. 1904లో ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ మొదటి వాల్వు చేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానిలో ఒక చిన్న తీగను అదనంగా పెట్టాడు. ఆ తీగకు గ్రిడ్ అని పేరు. ఆ ఒక్క తీగ వలన వాల్వు శబ్దాన్ని పెంచగల సాధనమైంది.

అది ఎలా పనిచేస్తుంది? కాలువ తూమును తలచుకోండి. తూము తలుపును ఒక మనిషి చేతితో కొంచెం ఎత్తుతాడు, కొంచెం దించుతాడు. ఆ కొద్దిపాటి కదలికకు కాలువలో ఎంతో నీరు ఎక్కువ అవుతుంది, తక్కువ అవుతుంది. వాల్వులో కూడా అంతే. మైకు నుండి వచ్చే విద్యుత్తు వోల్టులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. అది గ్రిడ్ అనే తలుపును కదిలిస్తుంది. లోపల వేడెక్కిన కాథోడ్ నుండి ప్లేటు వరకు పారే పెద్ద ప్రవాహం దానిని బట్టి హెచ్చుతుంది, తగ్గుతుంది. మైకు నుండి వచ్చే బలహీనమైన స్వరాన్ని మొట్టమొదట పెంచే భాగాన్ని ప్రీ ఆంప్లిఫయర్ అంటారు. ఆ తరువాత స్పీకరును మోగించేంత బలం ఇచ్చేవి పవర్ వాల్వులు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. తూము నీటిని పుట్టించదు. నీరు పైనుండి రావాలి. పై కాలువ ఎండిపోయి ఉంటే, కట్ట తెగి ఉంటే, తూముకు ఇత్తడి తలుపు పెట్టినా పొలం తడవదు. అలాగే వాల్వుకు కావలసిన వోల్టేజీ సరిగా రాకపోతే, చుట్టూ ఉన్న భాగాలు పాడై ఉంటే, వాల్వు ఎంత గొప్పదైనా ప్రయోజనం లేదు. ఈ పోలికను మనసులో ఉంచుకోండి. మిగిలిన సంగతి అంతా దీనిలోనే ఉన్నది.

మన దేశంలో కూడా ఈ వాల్వులు తయారయ్యాయి. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ ప్రారంభించింది. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చినప్పుడు ఎన్నో ఇళ్లలో ఆ కార్యక్రమాలు విన్నది వాల్వు రేడియోల మీదనే. 1970 మొదలు 2003 వరకు సీషెల్స్ దీవుల నుండి ఫీబా రేడియో షార్ట్‌వేవ్‌లో వినిపించిందంటే, సముద్రం దాటించిన ఆ ట్రాన్స్‌మీటర్లలో కూడా పెద్ద పెద్ద పవర్ వాల్వులే ఉండేవి. 1947లో కనిపెట్టబడిన ట్రాన్సిస్టర్ క్రమంగా ఇళ్లలోని వాల్వులను పక్కకు నెట్టింది. అయితే గిటారు వాయించేవారు, కొందరు సంగీత ప్రియులు మాత్రం వాటిని విడిచిపెట్టలేదు. అందుకే వాల్వులు నేటికీ స్లొవేకియా, చైనా, రష్యా దేశాలలో కొత్తగా తయారవుతున్నాయి.

వాల్వు మారిస్తే ఎప్పుడు మేలు?

మొదటిది, వాల్వు అరిగిపోయినప్పుడు. వాల్వు ఎలా అరుగుతుంది అంటారేమో. లోపల కాథోడ్ మీద బేరియం, స్ట్రాన్షియం కలిసిన పూత ఉంటుంది. వేడికి ప్రవాహాన్ని విడుదల చేసేది ఆ పూతే. ఏళ్లు గడిచే కొలది దాని శక్తి తగ్గుతుంది. పవర్ వాల్వులు ఎక్కువ భారం మోస్తాయి గనుక కొన్ని వేల గంటలలోనే బలహీనపడతాయి. ప్రీ ఆంప్లిఫయర్‌లోని చిన్న వాల్వులు పదివేల గంటలైనా పనిచేయవచ్చు. వారానికి నాలుగు గంటలు వాడే సెట్టులో పదివేల గంటలు అంటే ఎన్ని సంవత్సరాలో లెక్క వేయండి. నలభై ఏడేళ్లు దాటుతుంది! కాబట్టి వాల్వు పాతది అన్నంత మాత్రాన పాడైనది అని అర్థం కాదు.

రెండవది, వాల్వు తానే చప్పుడు చేస్తున్నప్పుడు. కొన్ని వాల్వులలో లోపలి తీగలు వదులై, స్పీకరు అదురుకు అవి కూడా అదురుతాయి. అప్పుడు వాల్వే ఒక మైకు లాగా పనిచేస్తుంది. సెట్టు మోగుతుండగా పెన్సిలు చివరతో వాల్వు గాజు మీద మెల్లగా తాకించి చూస్తారు. స్పీకరులో టింగుమని గట్టిగా మోగితే ఆ వాల్వు మొదటి స్థానానికి పనికిరాదు. అలాగే కరకరలు, బుసబుసలు కూడా ఒక్కొక్కసారి వాల్వు నుండే వస్తాయి. ఇవి ఊహలు కావు, కొలవదగిన లోపాలు. ఇక్కడ మంచి వాల్వు వేస్తే తేడా ఎవరికైనా వినబడుతుంది.

మూడవది, రకమే మార్చినప్పుడు. ప్రీ ఆంప్లిఫయర్లలో ఎక్కువగా కనిపించే వాల్వు ఇ.సి.సి. 83. దీనినే అమెరికావారు 12 ఎ.ఎక్స్. 7 అంటారు. దీని పెంచే శక్తి 100. దీని వంటిదే అయిన 12 ఎ.టి. 7కు 60, 12 ఎ.వై. 7కు సుమారు 40, 12 ఎ.యు. 7కు సుమారు 20. వీటికి పిన్నుల అమరిక ఒకటే గనుక ఒకదాని చోట ఇంకొకటి కూర్చుంటుంది. కూర్చున్నంత మాత్రాన సరిపడిందని కాదు. ఒక్కొక్కదానికి కావలసిన ప్రవాహం వేరు. అయినా గిటారు ఆంప్లిఫయర్ త్వరగా గరగరలాడుతుంటే, మొదటి స్థానంలో తక్కువ శక్తి గల వాల్వు వేసి నెమ్మదింపజేయడం వాయించేవారికి అలవాటే. ఇది నిజమైన మార్పు. దీనికి పెద్ద ఖర్చు కూడా కాదు.

మైకు వేరు, గిటారు వేరు

ఇప్పుడు చాలామంది పొరపడే చోటికి వచ్చాము. మైకు సెట్టు పని ఏమిటి? మనిషి మాట ఎలా ఉన్నదో అలాగే పెంచి వినిపించడం. దానిలో తన సొంత రంగు కలపకూడదు. అందుకే మంచి మైకు సెట్టులో, బయటికి వెళ్లే శబ్దంలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, వచ్చిన దానితో సరిచూసి తప్పు దిద్దుకొనే ఏర్పాటు ఉంటుంది. దానిని ఫీడ్‌బ్యాక్ అంటారు. మైకు కూతపెట్టే ఫీడ్‌బ్యాక్ కాదు సుమా, ఇది సర్క్యూటు లోపల కావాలని చేసిన ఏర్పాటు. ఆ ఏర్పాటు ఉన్నచోట ఒక కంపెనీ వాల్వుకూ ఇంకొక కంపెనీ వాల్వుకూ ఉండే చిన్న తేడాలు చాలా వరకు చదునైపోతాయి.

గిటారు ఆంప్లిఫయర్ అలా కాదు. అది తానే ఒక వాయిద్యం. గిటారు వాయించేవారు దానిని దాని శక్తికి మించి తోలుతారు. అప్పుడు స్వరం కొంచెం విరిగి, నిండుగా సాగుతుంది. ఆ విరుపే వారికి కావలసినది. గనుక వాల్వుల తేడాలు, ముఖ్యంగా పవర్ వాల్వుల తేడాలు, అక్కడ ఎక్కువగా బయటపడతాయి.

దీనికి ఒక మంచి ఉదాహరణ ఉన్నది. 1950లలో అమెరికాలో ఫెండర్ కంపెనీ బాస్‌మన్ అనే ఆంప్లిఫయర్ చేసింది. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో దానిని చూసి దాదాపు అదే సర్క్యూటుతో ఇంకొకటి చేశారు. దాని పేరు జె.టి.ఎం. 45. ఫెండర్‌లో మొదటి వాల్వు 12 ఎ.వై. 7. మార్షల్‌లో దాని చోట ఇ.సి.సి. 83 వేశారు. పెంచే శక్తి 40 నుండి 100కు వెళ్లింది. స్వరం మరింత గరుకై, కొత్త తరం సంగీతానికే గుర్తుగా మారింది. చూశారా, వాల్వు స్వరాన్ని మార్చింది అంటారు. నిజమే. అయితే అక్కడ మారింది కంపెనీ పేరు కాదు, వాల్వు రకము. అంతేకాదు, ట్రాన్స్‌ఫార్మరు మారింది. పది అంగుళాల స్పీకర్లు నాలుగు ఉన్నచోట పన్నెండు అంగుళాల స్పీకర్లు నాలుగు వచ్చాయి. వెనుక తెరిచి ఉన్న పెట్టె మూసిన పెట్టె అయింది. కీర్తి అంతా వాల్వు ఒక్కదానికే ఇస్తే మిగిలినవాటికి అన్యాయం చేసినవారమవుతాము.

ఇంకొక మాట. కొన్ని చౌక ప్రీ ఆంప్లిఫయర్లలో ముందువైపు కిటికీలోనుండి ఒక వాల్వు వెలుగుతూ కనిపిస్తుంది. కాని దానికి అందే వోల్టేజీ చాలా తక్కువ. స్వరాన్ని పెంచే పని అంతా వెనుక ఉన్న చిప్పులే చేస్తాయి. అటువంటి దానిలో ఖరీదైన వాల్వు వేయడం, ఎండిన కాలువకు ఇత్తడి తూము పెట్టడం వంటిదే.

మన చెవి మనలను మోసం చేస్తుందా?

"అయ్యా, నేను నా చెవులతో విన్నాను, తేడా ఉన్నది" అనేవారు ఉన్నారు. వారు అబద్ధం చెబుతున్నారని నేను అనను. అయితే మన చెవికి రెండు బలహీనతలున్నాయి. ఒకటి, కొంచెం గట్టిగా వినబడిన దానిని మనము బాగున్నది అనుకుంటాము. కొత్త వాల్వు పెంచే శక్తి కాస్త ఎక్కువైతే చాలు, స్వరం మెరుగైనట్లు తోస్తుంది. నాబు కొంచెం తిప్పితే వచ్చే మేలు అది! రెండవది, డబ్బు పోసిన తరువాత తేడా లేదని ఒప్పుకోవడానికి మనసు ఇష్టపడదు. పైగా వాల్వు చల్లారి, మార్చి, మళ్లీ వేడెక్కే సరికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఇంతలో ముందు విన్న స్వరం సరిగా జ్ఞాపకం ఉండదు.

మరి ఎలా పరీక్షించాలి? పాత వాల్వుతో ఒకసారి, కొత్త వాల్వుతో ఒకసారి, అదే పాట, అదే మనిషి, అదే దూరం, అదే మోతాదులో సెల్‌ఫోనులో రికార్డు చేయండి. తరువాత ఏది వేస్తున్నదీ చెప్పకుండా ఇంకొకరిని పదిసార్లు వినిపించమనండి. ఏమీ తెలియకుండా ఊహించినా సగటున అయిదు సరిపోతాయి. పదింటిలో తొమ్మిదీ అంతకు మించీ సరిగా చెప్పడం గాలివాటున నూటికి ఒక్కసారి మాత్రమే జరుగుతుంది. అలా చెప్పగలిగితే తేడా ఉన్నట్లే. ఆ తేడా మీకు నచ్చిందా, దాని ధరకు తగినదా అనేది ఆ తరువాతి ప్రశ్న.

పేరు చూసి మోసపోవద్దు కూడా. ఇంగ్లండులోని పాత ముల్లార్డ్ కర్మాగారం వాల్వులకు మంచి పేరుండేది. అయితే నేడు అదే పేరుతో అమ్ముతున్న కొత్త వాల్వులు రష్యాలో తయారవుతున్నాయి. అవి చెడ్డవని కాదు, కాని పాతవి కావు. గాజు మీద అచ్చు చెరిపి వేరే పేరు వేసి అమ్మేవారూ ఉన్నారు. 2022లో రష్యా నుండి సరుకు కొంతకాలం ఆగినప్పుడు ప్రపంచమంతటా వాల్వుల ధరలు పెరిగాయి. ధర పెరగడానికి స్వరంతో సంబంధం లేని కారణాలు ఎన్నో ఉంటాయని దీనిని బట్టి గ్రహించాలి.

మరి మన సహోదరుడు ఏమి చేయాలి?

సహోదరుడా, మీ జాబులో రెండు గుర్తులు ఉన్నాయి. మోత ఒకటి, మాట స్పష్టంగా లేకపోవడం ఇంకొకటి. ఈ వరుసలో చూపించండి.

మొదట ఎర్త్. మందిరానికి సరియైన ఎర్త్ ఉన్నదా, మైకు వైరు తొడుగు ఎక్కడైనా తెగిందా చూపించండి. ఎన్నో మోతలు ఇక్కడే ఆగిపోతాయి.

రెండు, వోల్టేజీ. ఈ సెట్టులలో వాల్వును వేడిచేసే తీగకు సాధారణంగా 6.3 వోల్టులు అందాలి. ఊళ్లో 230 ఉండవలసినది 180కి పడిపోతే, ఆ తీగకు 4.9 వోల్టులే అందుతాయి. వాల్వు సరిగా వేడెక్కదు, స్వరం నీరసిస్తుంది. అటువంటప్పుడు ఒక స్టెబిలైజరు ఏ ఇంగ్లండు వాల్వూ చేయలేని మేలు చేస్తుంది.

మూడు, కండెన్సర్లు. నాన్నగారి కాలం నాటి సెట్టు అన్నారు గదా. వాల్వుల కంటే ముందు ఎండిపోయేవి పవర్ సప్లైలోని ఫిల్టరు కండెన్సర్లు. అవి ఎండిపోతే గుంయ్‌మనే మోత తప్పదు. వాల్వుల మధ్య ఉండే చిన్న కండెన్సర్లు లీకయితే మాట బండబారుతుంది. వీటి ఖరీదు వాల్వుల ముందు కొద్దిపాటిదే.

నాలుగు, వాల్వుల సాకెట్లు. పిన్నులకు చిలుము పట్టి ఉంటే శుభ్రం చేయించండి. తరువాత సెట్టు ఆపి, చల్లారనిచ్చి, ఒకే నంబరు గల రెండు చిన్న వాల్వులను ఒకదాని చోట ఒకటి మార్చి చూడమనండి. చప్పుడులో మార్పు వస్తే, అంటే వాల్వుతో పాటు అదీ కదిలితే, లోపం వాల్వుది. ఏ మార్పూ లేకుండా మునుపటిలాగే ఉంటే లోపం సర్క్యూటుది. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు!

అయిదు, మైకు, స్పీకరు, గది. స్లాబు కప్పు, నున్నని గోడలు ఉన్న మందిరంలో మాట గోడలకు తగిలి తిరిగి వచ్చి చెదిరిపోతుంది. కిటికీలకు మందపు తెరలు, నేల మీద చాపలు, స్పీకరు జనం వైపుకు సరిగా తిప్పడం, మైకును నోటికి దగ్గరగా పెట్టుకోవడం. వీటిని చేసి చూడండి.

ఇవన్నీ అయిన తరువాత కూడా వాల్వుదే లోపమని తేలితే, నేడు తయారయ్యే మామూలు కొత్త వాల్వు వేయించండి. అది చాలు. అబ్బాయి గిటారు ఆంప్లిఫయర్‌లో పవర్ వాల్వులు అరిగి ఉంటే జతగా మార్చాలి. మార్చినప్పుడు బయాస్ సరిచేయించాలి, అంటే ఊరకున్నప్పుడు వాటిలో పారే ప్రవాహాన్ని కొలిచి సరిపెట్టాలి. లేకపోతే కొత్త వాల్వులు కూడా త్వరగా కాలిపోతాయి. స్పీకరు తగిలించకుండా ఆ ఆంప్లిఫయర్‌ను ఎన్నడూ వాడవద్దని చెప్పండి, ట్రాన్స్‌ఫార్మరు పోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి. సెట్టును మీరు గానీ అబ్బాయి గానీ విప్పవద్దు. లోపల 300 నుండి 450 వోల్టుల వరకు ఉంటుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా కండెన్సర్లలో ఆ విద్యుత్తు నిలిచి ఉండి ప్రాణం తీయగలదు. వాల్వు సెట్ల పని తెలిసిన పాత రేడియో మెకానిక్ చేతనే చేయించండి. అటువంటివారు ప్రొద్దుటూరు, కడప వంటి చోట్ల ఇంకా ఉన్నారేమో విచారించండి.

ఇక డబ్బు మాట. ఎర్త్, స్టెబిలైజరు, కండెన్సర్లు, తెరలు. వీటికి ఎంతయినదో చిట్టాలో వ్రాసి సంఘం ముందు చదవండి. గిటారు ఆంప్లిఫయర్ అబ్బాయి సొంతమైతే దాని ఖర్చు ఈ లెక్కలోకి రాకూడదు. మిగిలిన డబ్బు మిగిలినట్లే చూపించండి. అప్పుడు మైకు ముందు ఎవరు నిలబడి మాట్లాడినా, వెనుక చాప మీద కూర్చున్న ముసలి అవ్వకు ప్రతి మాట తేటగా వినబడితే, మీ నాన్నగారి సెట్టు తన పని తాను చేసినట్లే.

శ్రోతలారా, మీ ఊరి మైకు సెట్టు సంగతి కూడా మాకు వ్రాయండి.